పాఠకుల ప్రశ్న: మ్యూనిక్ నుంచి రోమ్‌కు విమానంలో వెళ్ళడానికి పాస్‌పోర్టు అవసరమా?

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. నాకు బ్లూ కార్డు ఉంది. నా భార్య రెసిడెన్స్ పర్మిట్ గడువు ఈమధ్యనే ముగిసింది. పొడిగింపునకు దరఖాస్తు చేస్తే విదేశీయుల కార్యాలయం వారు తాత్కాలికంగా ఒక కాగితం ఇచ్చారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. త్వరలో రాజమండ్రి నుంచి మా అమ్మానాన్నలు విజిట్ వీసా మీద రెండు నెలలు ఉండేలా వస్తున్నారు. అందరం కలిసి విమానంలో రోమ్ చూసి రావాలని, ఆ తరువాత డబ్లిన్‌లో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాలని అనుకుంటున్నాము. యూరప్ దేశాల మధ్య విమాన ప్రయాణం హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళినట్లే ఉంటుందని, కార్డు ఒక్కటి జేబులో ఉంటే చాలని, పాస్‌పోర్టు ఎవరూ అడగరని ఇక్కడి మిత్రుడు చెప్పాడు. రోమ్‌లో జేబుదొంగల బెడద ఎక్కువని విన్నాము కనుక పాస్‌పోర్టులు ఇంట్లోనే పెట్టి వెళ్దామా అన్న ఆలోచన ఉంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. నాన్నగారి టికెట్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే పడింది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: నమస్కారం. ముందుగా సూటిగా చెప్పవలసినవి రెండు. రోమ్ ప్రయాణానికి మీ అయిదుగురూ ఎవరి పాస్‌పోర్టు వారు వెంట తీసుకువెళ్ళాలి. మీరు పాస్‌పోర్టుతో పాటు బ్లూ కార్డు, మీ శ్రీమతి పాత కార్డు, కొత్త కాగితం, పాప తన కార్డు, మీ తల్లిదండ్రులు వీసా ఉన్న పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. డబ్లిన్ ప్రయాణానికి ఇవేవీ చాలవు, మీ అందరికీ ఐర్లండ్ వీసా విడిగా కావాలి. ఈ రెండు ప్రయాణాలనూ మీరు ఒకే వాక్యంలో కలిపి రాశారు గానీ, చట్టం దృష్టిలో ఇవి పూర్తిగా వేర్వేరు ప్రయాణాలు.

మీ మిత్రుడు అబద్ధం చెప్పలేదు. ఆయన చూసింది నిజమే. జర్మనీ, ఇటలీ రెండూ షెంగెన్ ప్రాంతంలో ఉన్న దేశాలు. ఆ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలు ఉన్నాయి: యూరోపియన్ యూనియన్‌లోని 25 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్. బల్గేరియా, రుమేనియాల విమానాశ్రయాలు 2024 మార్చి 31న, రోడ్డు, రైలు సరిహద్దులు 2025 జనవరి 1న ఇందులో కలిశాయి. ఈ దేశాల మధ్య సరిహద్దును ఎవరైనా, ఏ దేశ పౌరులైనా, తనిఖీ లేకుండా దాటవచ్చునని షెంగెన్ సరిహద్దుల నియమావళి 22వ అధికరణం చెబుతుంది. అందువల్లనే మ్యూనిక్ విమానాశ్రయం రెండవ టెర్మినల్‌లో రోమ్ విమానానికి జి గేట్ల వైపు వెళ్ళే ప్రయాణికుడికి ఇమిగ్రేషన్ అధికారి ఎదురు కాడు. సామాను తనిఖీ చేయించుకుని, బోర్డింగ్ పాస్ చూపించి విమానం ఎక్కేస్తాడు. రోమ్‌లో దిగాక కూడా అంతే, నేరుగా సామాను తీసుకుని బయటకు వచ్చేయవచ్చు. ఈ పద్ధతికి అలవాటు పడినవారికి పాస్‌పోర్టు అనవసరం అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అదే నియమావళిలోని తరువాతి అధికరణాన్ని చాలామంది చదవరు. సరిహద్దు తనిఖీ ఎత్తివేసినంత మాత్రాన పోలీసుల సాధారణ తనిఖీ అధికారం పోదని, విమానాశ్రయాలలో విమాన సంస్థలు చేసే భద్రతా తనిఖీలు కొనసాగుతాయని, గుర్తింపు పత్రాలు వెంట ఉంచుకోవాలని శాసించే హక్కు ప్రతి దేశానికీ ఉంటుందని 23వ అధికరణం స్పష్టం చేస్తుంది. తనిఖీ జరగకపోవడం వేరు, పత్రం అవసరం లేకపోవడం వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే యూరప్‌లో మనవారికి ప్రయాణాలలో చాలా చిక్కులు ఎదురవుతున్నాయి.

ఇక కార్డు సంగతి. మీ జర్మన్ సహోద్యోగి కూడా కార్డుతోనే రోమ్ వెళ్తాడు. మీ మిత్రుడి మాటకు మూలం బహుశా అక్కడే ఉంది. కానీ ఆయన చూపించేది తన దేశం ఇచ్చిన జాతీయ గుర్తింపు కార్డు. యూరోపియన్ యూనియన్ పౌరుడికి ఆ కార్డే ప్రయాణ పత్రం. యూనియన్‌లోని ఏ దేశానికైనా దానితోనే వెళ్ళి, అక్కడ మూడు నెలల వరకు ఉండే హక్కు ఆయనకు ఉంది. మీ బ్లూ కార్డు చూడడానికి ఇంచుమించు అదే పరిమాణంలో, అదే రకం ప్లాస్టిక్‌తో, ఫొటోతో ఉన్నా దాని స్వభావం వేరు. అది జర్మనీలో నివసించడానికి మీకు ఇచ్చిన అనుమతి. మీరు ఏ దేశ పౌరులో, మీరెవరో ధ్రువీకరించే ప్రయాణ పత్రం కాదు. ఆ పని మీ భారత పాస్‌పోర్టు చేస్తుంది. ఇటలీకి వెళ్ళే హక్కు మీకు షెంగెన్ ఒప్పందం అమలు ఒడంబడికలోని 21వ అధికరణం వల్ల వచ్చింది. షెంగెన్ దేశమేదైనా ఇచ్చిన నివాస అనుమతి ఉన్న విదేశీయుడు ఇతర షెంగెన్ దేశాలలో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చునని అది చెబుతుంది. కానీ ఆ అనుమతితో పాటు చెల్లుబాటులో ఉన్న ప్రయాణ పత్రం కూడా ఉండాలన్నది ఆ అధికరణంలోనే పెట్టిన షరతు. కనుక పాస్‌పోర్టు ఇంట్లో వదిలి రోమ్ వెళ్ళినప్పుడు ఎవరూ అడగకపోతే సరే గానీ, అడిగితే మాత్రం హక్కు ఉండి కూడా దాన్ని నిరూపించుకోలేని స్థితిలో పడతారు. ఆధార్ కార్డు, ఓటరు కార్డు, ఫోనులోని డిజిలాకర్ వంటివి ఇక్కడ ఏ లెక్కలోకీ రావు.

విమాన సంస్థల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. షెంగెన్ లోపలి ప్రయాణాలలో కొన్ని సంస్థలు గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి పంపేస్తాయి. కొన్ని పేరు సరిచూస్తాయి. రయనైర్ వంటి చవక ధరల సంస్థలు మాత్రం యూరోపియన్ యూనియన్ పౌరులు కానివారి విషయంలో గట్టి నియమాలు పెట్టుకున్నాయి. వారు పాస్‌పోర్టు చూపించాలి, నివాస కార్డునో డ్రైవింగ్ లైసెన్సునో గుర్తింపుగా ఒప్పుకోరు, పైగా సెక్యూరిటీ తనిఖీకి వెళ్ళకముందే సంస్థ కౌంటర్ దగ్గర పత్రాలు చూపించుకోవాలి. ఆన్‌లైన్‌లో చెక్ ఇన్ అయింది కదా అని నేరుగా గేటుకు వెళ్ళిన మనవారిని అక్కడి నుంచి వెనక్కి పంపిన సందర్భాలు కొత్తవి కావు. టికెట్ కొన్న సంస్థ షరతులను బయలుదేరే ముందే ఒకసారి చదవండి. సెలవుల రోజుల్లో ఆ కౌంటర్ దగ్గర వరుస పొడవుగా ఉంటుంది కాబట్టి, మీ పెద్దవారితోనూ పాపతోనూ వెళ్తున్నందున మామూలు కంటే ముందుగా చేరుకోవడం మంచిది.

పత్రాలు సరిగా లేవన్న కారణంతో విమానం ఎక్కనివ్వకపోతే పరిహారం దొరకడం కష్టం. ప్రయాణికుల హక్కులకు సంబంధించిన 261/2004 నిబంధన సాధారణంగా ఎక్కనివ్వని ప్రయాణికుడికి పరిహారం ఇమ్మంటుంది గానీ, పత్రాల లోపం వంటి సహేతుకమైన కారణం ఉంటే ఆ బాధ్యత ఉండదని చెబుతుంది. అలాగని విమాన సంస్థ చెప్పిందే తుది మాట కూడా కాదు. సైప్రస్ నివాస అనుమతి ఉన్న కజకిస్తాన్ పౌరురాలిని లార్నకా విమానాశ్రయంలో బుకారెస్ట్ విమానం ఎక్కనివ్వని వ్యవహారం యూరోపియన్ న్యాయస్థానం వరకు వెళ్ళింది. పత్రాలు చాలవని సంస్థ తనంతట తాను అనుకున్నంత మాత్రాన ప్రయాణికుడు పరిహారం కోల్పోడని, ఆ నిర్ణయం సబబైనదో కాదో న్యాయస్థానమే తేల్చాలని 2020 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. ఆ తీర్పు మంచిదే. కానీ గేటు ముందు పాపను ఎత్తుకుని నిలబడినప్పుడు అది ఉపయోగపడదు. కాగితాలు సరిగా ఉండి కూడా ఎక్కనివ్వకపోతే, కారణం రాసి ఇమ్మని అక్కడికక్కడే అడిగి తీసుకోండి.

పేర్ల విషయం మనవారికి ప్రత్యేకమైన తలనొప్పి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువగానే రాస్తాను. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాము, అదీ చాలా చోట్ల పొడి అక్షరంగానే సరిపెడతాము. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు ఖాతాలో మరోలా ఉన్నా ఇంటి దగ్గర రోజులు గడిచిపోతాయి. విమాన ప్రయాణంలో మాత్రం ఒకే ఒక ప్రమాణం ఉంటుంది: పాస్‌పోర్టులో ఏ గడిలో ఏది ముద్రించి ఉందో టికెట్‌లోనూ అదే ఉండాలి. పిలిచే పేరు, సర్టిఫికెట్‌లోని పేరు పక్కన పెట్టండి. మీ నాన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టికెట్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే, అది అక్షర దోషం కిందికి వస్తుందా, పేరు మార్పు కిందికి వస్తుందా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. చిన్న దిద్దుబాట్లను చాలా సంస్థలు ఉచితంగానో కొద్ది రుసుముతోనో చేస్తాయి. చెక్ ఇన్ పూర్తయ్యాక అదే పని కష్టమవుతుంది. ఇంకా ప్రయాణం దూరంలో ఉండగానే ఆ సంస్థకు రాసి దిద్దించుకోండి. రాజమండ్రిలోని ఏజెంటు ద్వారా కొన్న టికెట్ అయితే ఏజెంటు చేతనే దిద్దించాలి, లేకపోతే సంస్థ మిమ్మల్ని మళ్ళీ ఆయన దగ్గరికే పంపుతుంది.

మీ అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలోనే ఉండడం మన పెద్దవారి పాస్‌పోర్టులలో తరచుగా కనిపించేదే. టికెట్ అమ్మే వెబ్‌సైట్లు మాత్రం రెండు గడులూ నింపితే గానీ ముందుకు పోనివ్వవు. ఉన్న పేరునే రెండు చోట్లా రాయమని ఒక సంస్థ చెబుతుంది. ఉన్న పేరును ఇంటిపేరు గడిలో రాసి, మొదటి పేరు గడిలో అది లేదని సూచించే ఎఫ్‌ఎన్‌యూ అన్న అక్షరాలు రాయమని ఇంకొకటి చెబుతుంది. ఇందులో మన తెలివితేటలు ఉపయోగించడం కంటే ఆ సంస్థ సూచననే పాటించి, వారు పంపిన జవాబును ముద్రించి దగ్గర పెట్టుకోవడం ఉత్తమం. ఇంటిపేరు గడిలో భర్త ఇంటిపేరు రాసేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ పేరు పాస్‌పోర్టులో ఎక్కడా ఉండదు. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉన్నందుకు మాత్రం ఏమీ కంగారు పడనక్కరలేదు, యూరప్‌లో కూడా అలాంటి దంపతులు ఎందరో ఉన్నారు.

దీనికి తోడు పేరు పొడవు ఒకటి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసలో పేరుకు కేటాయించినవి 39 అక్షరాలు. నివాస కార్డు వెనుక పక్క ఉన్న వరుసలో 30 మాత్రమే. నాలుగైదు పదాల పేరున్న మన తెలుగువారికి కార్డు మీది ఆ వరుసలో పేరు మధ్యలో తెగిపోవడం సహజం. బోర్డింగ్ పాస్ మీద పదాల మధ్య ఖాళీలు పోయి అక్షరాలన్నీ కలిసిపోవడం కూడా అంతే. అధికారులకు ఇది తెలిసిన విషయమే. ఇలాంటి తేడా కోసం టికెట్ మార్పించుకోవడం డబ్బు దండగ.

మీ శ్రీమతి విషయమే ఈ మొత్తం ప్రణాళికలో అన్నింటికన్నా సున్నితమైనది. ఆమెకు ఇచ్చిన కాగితం ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక ధ్రువపత్రం అయి ఉంటుంది. దాని మూడవ పేజీలో మూడు గడులు ఉంటాయి, వాటిలో ఏ గడికి గుర్తు పెట్టారో చూడండి. మూడవ గడికి గుర్తు ఉంటే, అంటే జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగవ పేరా ప్రకారం పాత అనుమతి కొనసాగుతున్నట్లుగా రాసి ఉంటే, గడువు ముగిసిన పాత కార్డు, పాస్‌పోర్టు, ఆ కాగితం మూడూ కలిపి చూపించి ఆమె ప్రయాణించవచ్చు. మొదటి గడికో రెండవ గడికో గుర్తు ఉంటే మాత్రం కొత్త కార్డు వచ్చే వరకు జర్మనీ దాటి వెళ్ళకూడదు. వెళ్తే తిరిగి రావడానికి ఆ కాగితం పనికిరాదు. మూడవ గడి అయినా, రోమ్‌లోని విమాన సంస్థ కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి ఈ కాగితం గురించి తెలిసి ఉంటుందన్న నమ్మకం లేదు. గడువు తీరిన కార్డును చూడగానే వెనక్కి ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఈ ప్రయాణంలో వెనక్కి తగ్గే వీలు ఏ మాత్రం ఉన్నా, ఆమె కొత్త కార్డు చేతికి వచ్చిన తరువాతే టికెట్లు కొనండి. అప్పటికే కొన్నారంటే, విమాన సంస్థకు ఆ కాగితం నకలు పంపి వారి అంగీకారాన్ని లిఖితపూర్వకంగా తీసుకోండి.

పాప సంగతి తేలిక. ఆమెకు తన సొంత భారత పాస్‌పోర్టు, తన సొంత నివాస కార్డు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే గడువు తీరిపోతుంది కనుక తేదీ ఒకసారి చూసుకోండి. మీరిద్దరూ వెంట ఉంటారు కాబట్టి అనుమతి పత్రాలేవీ అవసరం లేదు. ఎప్పుడైనా ఒక్కరే తీసుకువెళ్తే రెండోవారి సంతకంతో సమ్మతి లేఖ, జనన ధ్రువపత్రం నకలు ఉంచుకోవాలి.

మీ తల్లిదండ్రులకు జర్మనీ ఇచ్చే విజిట్ వీసా షెంగెన్ దేశాలన్నింటికీ చెల్లుతుంది, కనుక ఇటలీకి వేరే వీసా అక్కరలేదు. వీసా స్టిక్కర్ మీద మూడు విషయాలు శ్రద్ధగా చదవండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో ఒక చోట, ఆ వ్యవధిలో ఎన్ని రోజులు ఉండవచ్చో ఇంకొక చోట, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో మరొక చోట ముద్రించి ఉంటాయి. చెల్లుబాటు వ్యవధి చూసుకుని, అన్ని రోజులూ ఉండవచ్చని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఉండదగిన రోజుల సంఖ్య సాధారణంగా దానికంటే తక్కువగా ఉంటుంది. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి, రోమ్‌లో గడిపిన రోజులు కూడా అదే లెక్కలో కలుస్తాయి. 2025 అక్టోబరు 12న మొదలై, 2026 ఏప్రిల్ 10 వరకు దశలవారీగా విస్తరించేలా రూపొందించిన ప్రవేశ, నిష్క్రమణ నమోదు వ్యవస్థ ఈ రోజులను కంప్యూటరులోనే లెక్కిస్తుంది. పాస్‌పోర్టు మీద ముద్రలు వేసే పాత పద్ధతి స్థానంలో వచ్చిన ఈ వ్యవస్థలో వారు మొదటిసారి షెంగెన్ దేశంలో దిగినప్పుడు ముఖం ఫొటో తీసి నమోదు చేస్తారు. వేలిముద్రలు వీసా కోసం ఇచ్చినవే ఉంటాయి. నివాస అనుమతి ఉన్న మీకు ఈ నమోదు వర్తించదు, అందువల్ల మ్యూనిక్ చేరినప్పుడు వరుసలో వారూ మీరూ వేర్వేరుగా నిలబడవలసి రావచ్చు. వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల ఆరోగ్య బీమా కాగితం, మీరు ఇచ్చిన ఆహ్వాన పత్రం, తిరుగు ప్రయాణపు టికెట్ నకళ్లు రోమ్‌కు కూడా వెంట పెట్టుకోమని చెప్పండి. వీసా పాత పాస్‌పోర్టులో ఉండి, ఈలోగా పాస్‌పోర్టు మారిందంటే రెండు పుస్తకాలూ కలిపి తీసుకురావాలి.

జేబుదొంగల గురించి మీ భయం అర్థరహితం కాదు. రోమ్‌లో మెట్రోలో, టెర్మినీ స్టేషను పరిసరాలలో జాగ్రత్తగా ఉండవలసిందే. పాస్‌పోర్టు పోతే భారత రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర ధ్రువపత్రం భారతదేశానికి తిరిగి వెళ్ళడానికి ఉద్దేశించినది, దానితో మ్యూనిక్ తిరిగి రావడానికి వీలుండదు. అయినా పరిష్కారం పాస్‌పోర్టును మ్యూనిక్‌లో దాచిపెట్టడం కాదు. విమానంలో వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు దగ్గర ఉంచుకుని, హోటల్ చేరాక గది లాకరులో పెట్టండి. ఊరు తిరిగేటప్పుడు నివాస కార్డు, పాస్‌పోర్టు నకలు దగ్గర ఉంటే చాలా సందర్భాలలో సరిపోతుంది; పోలీసులు అసలు పత్రమే చూస్తామంటే హోటల్ దాకా వెళ్ళి చూపించవలసి రావచ్చు. ప్రతి పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీల ఫొటోలు తీసి మీ ఈమెయిల్‌లో ఉంచుకోండి.

హోటల్ వారు అందరి పాస్‌పోర్టులూ అడిగి వివరాలు రాసుకుంటారు, పాపవి కూడా. ఇది చట్టం ప్రకారం వారు చేయవలసిన పని, అనుమానించవలసిన పని లేదు. మీ తల్లిదండ్రులకు దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. వేరే షెంగెన్ దేశం నుంచి ఇటలీకి వచ్చిన సందర్శకులు ఎనిమిది రోజులలోగా తమ రాకను పోలీసులకు తెలియజేయాలన్న నియమం ఉంది, హోటల్ నమోదుతో అది తీరిపోతుంది. స్నేహితుల ఇంట్లో దిగితే ఆ పని తామే చేసుకోవాలి.

తిరుగు విమానం రద్దయి రైలులో రావలసి వస్తే ఏమవుతుందో కూడా ఆలోచించుకోండి. రోమ్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా ఆస్ట్రియా దాటి వచ్చే రైలు బవేరియాలో ప్రవేశించాక పోలీసులు ఎక్కి పత్రాలు అడగడం మామూలు విషయం. ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ 2015 నుంచి, తన భూ సరిహద్దులన్నింటిలోనూ 2024 సెప్టెంబరు 16 నుంచి తాత్కాలిక తనిఖీలు పెట్టి, వాటిని పొడిగిస్తూ వస్తోంది. ఎవరూ అడగరని మీ మిత్రుడు చెప్పిన మాట ఆ రైలులో అసలు చెల్లదు.

ఇప్పుడు డబ్లిన్. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ షెంగెన్‌లో లేదు. బ్రిటన్‌తో కలిసి ఉమ్మడి ప్రయాణ ప్రాంతం అనే వేరే ఏర్పాటులో ఉంది. కనుక మీ బ్లూ కార్డు గానీ, మీ తల్లిదండ్రుల షెంగెన్ వీసా గానీ అక్కడ చెల్లవు. మ్యూనిక్‌లో డబ్లిన్ విమానం పాస్‌పోర్టు తనిఖీ దాటాక ఉండే గేట్ల వైపు ఉంటుంది. వీసా లేని ప్రయాణికుడిని తీసుకువెళ్తే ఐర్లండ్ చట్టం విమాన సంస్థ మీద జరిమానా వేస్తుంది కాబట్టి, మ్యూనిక్ కౌంటర్‌లోనే మిమ్మల్ని ఆపేస్తారు.

మీ ముగ్గురూ జర్మనీలో నివసిస్తున్నారు కనుక ఐర్లండ్ వీసాకు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, పాస్‌పోర్టులు పంపించాలి. పరిశీలన జరుగుతున్నంత కాలం పాస్‌పోర్టు మీ దగ్గర ఉండదు, అంటే ఆ రోజులలో రోమ్ ప్రయాణం పెట్టుకోకూడదు. మీ శ్రీమతికి కొత్త కార్డు రాకుండా ఈ దరఖాస్తు చేయడం నా దృష్టిలో తొందరపాటే. తిరిగి వచ్చేటప్పుడు డబ్లిన్‌లో గడువు తీరిన కార్డును చూపించి ఎక్కవలసి వస్తుంది. మీ తల్లిదండ్రులు తాము నివసించే భారతదేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి కనుక వారు బయలుదేరక ముందే ఆ పని జరగాలి. ఇక్కడికి వచ్చాక చూద్దామనుకుంటే కుదరదు. ఇంకొక ముఖ్యమైన సంగతి: వారి షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే అయితే, డబ్లిన్ వెళ్ళిన క్షణంలో ఆ ప్రవేశం ఖర్చయిపోతుంది, మళ్ళీ మ్యూనిక్ రావడానికి వీలుండదు. హైదరాబాద్ తిరుగు టికెట్ మ్యూనిక్ నుంచి ఉండి, వారు డబ్లిన్‌లో చిక్కుకుపోతే ఎంత ఇబ్బందో మీరే ఊహించవచ్చు. రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువసార్లు గానీ ప్రవేశించే వీసా కావాలని దరఖాస్తులోనే అడిగి, డబ్లిన్ ప్రయాణపు కారణాన్ని అందులో రాయమని వారికి చెప్పండి.

లండన్ మీదుగా టికెట్ చవకగా దొరుకుతోందని దాని వైపు వెళ్ళకండి, అక్కడ బ్రిటన్ నియమాల గొడవ తోడవుతుంది. డబ్లిన్ చేరాక బస్సులో బెల్‌ఫాస్ట్ చూసి వద్దామనుకున్నా అదే చిక్కు. దారిలో ఎవరూ ఆపకపోవచ్చు గానీ, బెల్‌ఫాస్ట్ బ్రిటన్‌కు చెందిన ఊరు, అక్కడ అడుగు పెట్టడానికి బ్రిటన్ వీసా కావాలి. భారతదేశం నుంచి దరఖాస్తు చేసేవారికి ఈ రెండు దేశాలకూ ఒకే వీసా చెల్లే పథకం ఒకటి ఉంది. బీఐవీఎస్ అన్న అక్షరాలు వీసా మీద ఉంటేనే, అదీ ముందుగా వీసా ఇచ్చిన దేశంలో దిగిన తరువాతే, రెండో దేశానికి వెళ్ళవచ్చు. మీ తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడవచ్చు, జర్మనీ నుంచి దరఖాస్తు చేసే మీకు వర్తించదు.

ఇన్ని వీసాలు, ఇన్ని పాస్‌పోర్టులు పంపించడాలు చూశాక నాకు తోచిన మార్గం ఒకటి చెబుతాను. అయిదుగురు డబ్లిన్ వెళ్ళడం కంటే మీ చెల్లెలు ఒక్కరే మీ దగ్గరకు రావడం తక్కువ ఖర్చుతో, తక్కువ ఆందోళనతో అయ్యే పని. ఐర్లండ్ నివాస కార్డు షెంగెన్‌లో చెల్లదు కనుక ఆమెకూ షెంగెన్ వీసా కావాలి. దానికి డబ్లిన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. ఎక్కువ రోజులు మ్యూనిక్‌లో ఉండేలా అయితే జర్మనీ వీసాకు, నేరుగా రోమ్‌లోనే మిమ్మల్ని కలుసుకుని అక్కడి నుంచే తిరిగి వెళ్ళేలా అయితే ఇటలీ వీసాకు దరఖాస్తు చేయాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఐర్లండ్‌లో ప్రవేశించడానికి ఆమెకు తన కార్డు, పాస్‌పోర్టు చాలు, 2019 నుంచి పెద్దవారికి అక్కడ తిరుగు ప్రవేశపు వీసా అవసరం లేదు. సెలవుల కాలంలో దరఖాస్తుకు సమయం దొరకడం కష్టం కాబట్టి, మీ తల్లిదండ్రుల ప్రయాణ తేదీలు ఖాయం కాగానే ఆమెను మొదలుపెట్టమనండి.